గిన్నెల మోత

"ఈ కిటికీ పూడ్చెయ్యమంటారా, వద్దా?" నిచ్చెన మీంచి మేస్త్రి గ్రిగోరె మూడోసారి అడిగాడు. కిషినావు నగరంలో పాతకాలపు ఫ్లాట్లన్నిటికీ ఉన్నట్టే, వంటింటికీ స్నానాలగదికీ మధ్య గోడలో, బాగా పైన, చిన్న అద్దాల కిటికీ.

"పూడ్చెయ్యండి!" అంది కోడలు వియోరికా. "నేను లోపల గడియ పెట్టుకుంటే చాలు, ఈవిడ గిన్నెలు ధనాధనా మోగిస్తారు. ఆరేళ్లుగా చెవులు చిల్లులు పడుతున్నాయి."

సంకటి గిన్నె పక్కకి జరుపుతూ అత్త పరాస్కివా మెల్లగా అంది. "రెండు వరసలు కట్టు నాయనా. ఒక్క ఇటుకకి ఏడుపు ఆగదు."

వియోరికా ముఖం పాలిపోయింది. "కొళాయి తిప్పేదాన్నిగా?"

"అయినా వినపడేదమ్మా. మావాడి చెవిన పడితే, ఏడ్చినందుకు ఇంకో గంట తిట్టేవాడు. అందుకే మోగించేదాన్ని."

"ఆ మోగించే బదులు మీ కొడుకు నోరు మూయించలేకపోయారా?"

"వాళ్ల నాన్న నోరే మూయించలేకపోయాను."

గ్రిగోరె తాపీ పట్టుకుని గోడకేసి తిరిగాడు.

"మరి మీరు ఏడుస్తున్నప్పుడు గిన్నెలెవరు మోగించారు, అత్తయ్యా?"

అత్త తువ్వాలు తీసుకుని, గబగబా స్నానాలగదిలోకి వెళ్లి గడియ పెట్టుకుంది.

వియోరికా సంకటి గిన్నె ముందుకు లాక్కుని, గరిటె అందుకుంది.