ఆయప్ప వచ్చేలోగా

"తినప్పా, ఆయప్ప వచ్చేలోగా తినేసెయ్!" మూసిన తలుపు వెనక భార్య హేమావతి గొంతు.

"వింటివా బావా, మీ చెల్లెలి ముచ్చట? ఆయప్పంటే నేనే. మరి లోపల తినేదెవడు?" సాక్షిగా ముదిగుబ్బ నుంచి పిలిపించిన ఆమె అన్న సుధాకర్‌తో అని, జగదీష్ తలుపు మీద ఒక్క తన్ను తన్నాడు. గొళ్లెం ఊడిపడింది.

పరాయి మగాడెవడూ లేడు. మగ్గం మీద చెట్టుకప్ప. హేమావతి వేళ్ల మధ్య గిలగిల్లాడుతున్న మిడత.

"కప్పకా ఇంత దాపరికం?" సుధాకర్ నవ్వబోయాడు.

"చూస్తే పారేస్తాడన్నా. ఈ ఇంట్లో నా మాట వినేది ఇదొక్కటే."

జగదీష్ గొంతు సవరించుకున్నాడు. "ప్రాణమున్న పురుగే కావాల్నా దానికి?"

"కదిలితేనే దీనికి కనపడేది, నీ మాదిరే." ఆమె భర్త వైపు చూసింది. "పన్నెండేండ్లు నీ పక్కనే కుదురుగా కూచోని దారం చుట్టినా. ఎప్పుడన్నా కనపడితినా?"

జగదీష్ ఊడిపడిన గొళ్లెం తీయడానికి వంగాడు. బావ ఎదుట మళ్లీ తలెత్తలేకపోయాడు.