అంగిట్లో నిప్పు

"ఇంట్లో దొరికిన ఆ చుట్టలు నీవా, కావా? డాక్టరమ్మ ముందే చెప్పు!" లిబార్దో తల్లి మీద అరిచాడు.

"నావే. ఏట్లో బట్టలుతికేటప్పుడు తడవకుండా నిప్పు నోట్లోకి పెట్టుకుని తాగుతా. మా అమ్మా అంతే," అంది యూడోసియా.

"ఎంత చెప్పినా వినదు డాక్టరమ్మా," అంది కోడలు నెరేయిదా.

డాక్టర్ యమీలే టార్చి వేసి చూసింది. ముసలామె అంగిట్లో ఒక పక్కన గోలీకాయంత గడ్డ. నొక్కితే గట్టిగా ఉంది, నొప్పి లేదు. గడ్డ చుట్టూ ఉన్న అంగిలిని మళ్ళీ చూసింది.

"నిజంగా నిప్పు లోపలికేనా?"

"చెప్పాగా తల్లీ."

"చుట్ట వల్ల వచ్చిన క్యాన్సరైతే పై దవడ సగం తీసేయాలి. మాట ముక్కులోంచి వస్తుంది. ముక్క తీసి పరీక్షకు పంపుతా."

"వీధిలో ముక్కుతో అరిస్తే నా మొక్కజొన్న బోయోలు ఎవరు కొంటారు?"

"దవడ పోతేనన్నా చుట్ట పోతుంది," అన్నాడు లిబార్దో. అంటూనే తల్లి చెంప నిమిరాడు.

రిపోర్టు వచ్చింది. క్యాన్సర్ కాదు. అంగిట్లో ఉండే చిన్న లాలాజల గ్రంథిలో పెరిగిన గడ్డ. అరుదుగా వస్తుంది. వదిలేస్తే క్యాన్సర్‌గా మారొచ్చు.

ఆపరేషన్ మొదలైంది. గడ్డ పొర చిరిగితే మళ్ళీ మొలుస్తుంది. యమీలే చుట్టూ కాస్త మంచి కండతో సహా కోస్తూ వెళ్ళింది. ఉన్నట్టుండి రక్తం ఎగజిమ్మింది. వేలితో అదిమి పట్టి, తెగిన రక్తనాళాన్ని కట్టేసింది. గడ్డ మొత్తంగా ఊడి వచ్చింది. ఎముకకు ఏమీ కాలేదు.

మెలకువ వచ్చాక యూడోసియా మంచం చుట్టూ అందరూ చేరారు. పుండు మానేదాకా ఉండేలా అంగిటికి ప్లాస్టిక్ పలక బిగించారు.

"ఇకనైనా చుట్ట మానేయమనండి డాక్టరమ్మా," అంది నెరేయిదా.

"మొదలుపెడితే కదా మానడానికి!" అంది యమీలే. "నిప్పు పెట్టుకునేవాళ్ళ అంగిలి తెల్లగా మందమెక్కి, ఎర్రచుక్కలతో ఉంటుంది. ఈవిడది చంటిపిల్ల అంగిలిలా ఉంది. చూసిన రోజే అనుమానమొచ్చింది, పరీక్షతో తేలిపోయింది. ఆ చుట్టలు ఎవరివో గానీ, వాళ్ళని వెంటనే తీసుకురండి. నా భయమంతా వాళ్ళ గురించే."

లిబార్దో తెల్లబోయి తల్లి వైపు చూశాడు.

యూడోసియా కోడలి చెయ్యి గట్టిగా పట్టుకుంది. పలక అడ్డం వచ్చి మాట నలిగినా, అందరికీ అర్థమైంది.

"నోరు తెరువే, నెరేయిదా."