ఆవిడ అడిగిన కార్డు

రాజమండ్రి కంప్యూటర్ షాపులో చంద్రరావు లాప్‌టాప్‌ని బల్ల మీద పెట్టాడు. "ఇది మార్చివ్వండి. లైనక్స్ వేస్తే తెర నల్లగా ఉండిపోతోంది."

"పెద్ద గ్రాఫిక్స్ కార్డున్నదే కావాలని మీరే పట్టుబట్టారు కదండీ! మేడమ్‌గారు వద్దన్నారు," అన్నాడు షాపాయన.

నిజమే. భార్య దుర్గాశ్రీకి ఇంట్లో కూర్చుని చేసుకునే ప్రోగ్రామింగ్ పని దొరికింది. అదంతా విండోస్‌కి బదులు వాడే లైనక్స్ మీదే. తెరని నడిపే ఆ కార్డు మామూలుదైతే లైనక్స్‌తో పేచీ ఉండదని ఆమె అంటే, "నీకేం తెలుసు?" అని ఇదే షాపులో నలుగురిలో నోరు మూయించాడు. పదిరోజులుగా ఆమె ఆ నల్లటి తెరతో కుస్తీ పడుతోంది.

"ఈసారి ఆవిడ చెప్పిందే ఇవ్వండి," అన్నాడు.

పక్కనే నిలబడ్డ దుర్గాశ్రీ మామూలు కార్డున్న ఓ చవక లాప్‌టాప్ ఎంచుకుని, తన లైనక్స్ సీడీ పెట్టింది. కాసేపటికి తెర నీలంగా వెలిగింది.

"అమ్మయ్య! ఇవాళే పని మొదలెట్టెయ్," అన్నాడు చంద్రరావు.

"పనెక్కడుందండీ? గడువు దాటిందని పొద్దున్నే వేరేవాళ్ళకిచ్చేశారు."

"మరి నాతో చెప్పలేదేం?"

"చెబితే వింటారనిపించలేదండీ."

ఆమె సీడీ తీసి సంచిలో పెట్టుకుంది.

"ఇదే ఇమ్మంటారాండీ?" షాపాయన మళ్ళీ చంద్రరావునే అడిగాడు.

అతను దుర్గాశ్రీకేసి తిరిగాడు.