జవాబు రాని మాట

"పూజ సామాన్లు తోమింది నువ్వు. మరి స్వామి వెండి కిరీటం ఏమైనట్టు?"

పట్టాభిరామ ఆ మాట అడగడం అది ఎన్నోసారో ఆయనకే తెలియదు. పనిమనిషి అంజనమ్మ గుమ్మం పక్కన కొంగు నలుపుకుంటూ నిలబడింది.

"దేవుని సొమ్ము నాకెందుకు సామీ? తోమి పళ్ళెంలో పెట్టినా. ఆ పైన నాకు తెలీదు."

భార్య అంబుజాక్షి చిక్కబళ్ళాపురంలో పుట్టింట్లో ఉంది. ఆవిడ వచ్చేలోగా కిరీటం దొరక్కపోతే ఇల్లు పీకి పందిరేస్తుంది. పట్టాభిరామ వసారాలో కూర్చున్నాడు, లేచాడు, అటూ ఇటూ తిరిగాడు. చింతామణిలో కాబోయే మేష్టర్లకు మనశ్శాస్త్రం చెప్పే పెద్దమనిషి, ఒక పనిమనిషి మనసులో ఏముందో కనుక్కోలేడా? ఆ ఆలోచన రాగానే ఆయనకు ప్రాణం లేచొచ్చింది. పాఠానికి వచ్చిన శిష్యులు చాప మీద సిద్ధంగానే ఉన్నారు.

"చూడండి. ఒక మాట వింటే దానికి తోడుగా ఇంకో మాట మనసులో మెదులుతుంది. దీన్ని సాహచర్యం అంటారు. దాపరికం ఉన్నచోట మాత్రం జవాబు ఆలస్యమవుతుంది. పిళ్ళప్పా, నువ్వు చెప్పు. తిరుపతి?"

"వెంకటరమణ" అన్నాడు ముందు వరసలోని పిళ్ళప్ప, రెప్పపాటులో.

"అంతే. నిర్మలమైన మనసు." పట్టాభిరామ గడియారం చేతిలోకి తీసుకుని అంజనమ్మ వైపు తిరిగాడు. "నేనొక మాట అంటాను. నీకు ముందు తోచింది చెప్పు. రాగి?"

"ముద్ద."

"పట్టుపురుగు?"

"ఆకు."

"చింతచెట్టు?"

"దయ్యం."

శిష్యులు నవ్వారు. అంజనమ్మ కూడా కాస్త నవ్వింది. ఆయన నవ్వలేదు.

"తిరుపతి?"

అంజనమ్మ నోరు తెరిచి చటుక్కున మూసుకుంది. తల వాలిపోయింది. గడియారం ముల్లు తిరుగుతూనే ఉంది.

"తిరుపతిలో ఉండే దేవుడెవరమ్మా?"

"ఆ మాట నా నోట రాదు సామీ. మా ఆయప్ప..."

"మొగుణ్ణి చాటు చేసుకోకు." ఆయన గొంతులో గెలుపు దాగలేదు. "చూశారా? దేవుడి సొత్తు తీసినవాళ్ళకు దేవుడి పేరే గొంతులో అడ్డం పడింది. పిళ్ళప్పా, వీళ్ళాయన పక్క సందులో మండీ దగ్గర మూటలు మోస్తుంటాడు. పిలుచుకురా. పోలీసులకు అర్జీ రాద్దాం."

"వద్దు సామీ. దొంగ అని పేరు పడితే ఈ వీధిలో నన్ను ఇంకెవురు పనికి పిలుస్తారు?" అంజనమ్మ కూలబడి మోకాళ్ళలో మొహం పెట్టుకుని ఏడ్చింది. పట్టాభిరామకు జాలేసింది. కానీ శాస్త్రం ఇంత చక్కగా పనిచేస్తుంటే జాలికి చోటెక్కడ? కలం విదిలించి కాగితం పరిచాడు.

భుజాన తుండుగుడ్డతో ఆమె మొగుడు రొప్పుతూ వచ్చి చేతులు కట్టుకున్నాడు.

"ఏమైందో తర్వాత చెప్తాను. ముందు నీ పేరు చెప్పు" అన్నాడు పట్టాభిరామ, తలెత్తకుండా.

"వెంకటరమణప్ప, సామీ."