మోతలో మాట

"చూశారా అత్తయ్యా, యజమాని ఏమంటున్నాడో?" పక్క మగ్గం దగ్గర కోడలు పెదాలు కదిపింది.

మరమగ్గాల మోతలో చెవులు పనిచెయ్యవు. షెడ్డులో ఆడవాళ్లంతా పెదాలు చూసే మాట పోల్చుకుంటారు. యజమానికి ఆ విద్య రాదు.

గుమ్మంలో కొత్త యంత్రాలమ్మేవాడితో, అత్త వైపు నవ్వుతూ చూసి అంటున్నాడు: "మీ సరుకు దిగగానే ఈ ముసలి పీనుగుల్ని బయటికి ఈడ్చేస్తా."

తర్వాత దగ్గరికొచ్చి, ఆమె భుజం మీద చెయ్యేసి చెవిలో అరిచాడు: "అక్కా, ఈ షెడ్డుకి నువ్వే తల్లివి!"

అత్త ఆ చేతిని బల్లిని దులిపినట్టు దులిపి, మగ్గం ఆపేసింది. కోడలూ ఆపింది. వరసంతా ఆగింది.

"గుమ్మంలో అన్న మాట మళ్లీ అను తమ్ముడూ," అంది. "ఈసారి చెవులతో వింటాం."