వెనక సీటాయన

"వెనక్కి తిరక్కండమ్మా," అంది కండక్టరమ్మ, టికెట్ ఇస్తున్నట్టు వంగి. "ఆ చివరి సీటాయన వారం నుంచీ మిమ్మల్నే చూస్తున్నాడు."

ఆమె తిరగకుండానే పోల్చుకుంది. రోజూ ఊరి చివర పార్కింగులో ఇద్దరూ ఒకే కార్లోంచి దిగి, ఆఫీసులకు ఈ బస్సెక్కుతారు. కారుకు గీత పెట్టింది నువ్వంటే నువ్వని తగువై వారంగా మాటల్లేవు. కార్లో పక్కపక్కన కూర్చోక ఎలాగూ తప్పదు. బస్సులో మాత్రం ఆమె ముందు, మొగుడు వెనక.

"కిటికీలోంచి బయటికి చూస్తున్నాడేమో!"

"నాకా చెప్తారు? మీరు కునుకు తీసి తల అద్దానికి కొట్టుకుంటే, అక్కడ ఆయన ఉలిక్కిపడి లేస్తున్నాడు. దింపెయ్యమంటారా?"

ఆమె నవ్వు బిగబట్టింది. పక్క సీట్లో కావాలనే పెట్టిన సంచి తీసి ఒళ్లో పెట్టుకుంది.

"వద్దు. తెచ్చి ఇక్కడ కూర్చోబెట్టండి. సంగతి నేను చూస్తాను."

కండక్టరమ్మ విసవిసా వెనక్కి నడిచింది. "ఏమయ్యా, లే! మేడమ్ రమ్మంటున్నారు."

బస్సంతా గుడ్లప్పగించి చూస్తుండగా మొగుడు దొంగలా వచ్చి సీటు అంచున కూర్చున్నాడు.

"సరిగ్గా కూర్చో, పడతావు," అందామె, కిటికీ వైపే చూస్తూ. కాసేపాగి అతని భుజం మీద తల వాల్చి, కళ్లు మూసుకుని అంది:

"గీత పెట్టింది మాత్రం నువ్వే."