తొలి కంకి

"బీపీ తర్వాత చూద్దువుగని, జర ఆగు బిడ్డా," అన్నాడు రాంచందర్ సారు. బోథ్ దవాఖానాలో నర్సుగా ఉన్న లేతుబాయి ఒకప్పుడు ఆయన దగ్గర చదువుకున్న గోండు పిల్ల.

"నాలుగో తరగతిల నీ నోట్లె బలవంతంగ మక్కకంకి కుక్కిన. యాదికున్నదా?"

"ఉన్నది సార్. కొత్త పంట దేవర్లకు పెట్టకముందు తినద్దని ఏడ్సిన."

"పొగరనుకున్న. రిటైరైనంక దేశదేశాల మతాల పుస్తకాలు సదువుతున్న. యూదులు గూడ తొలి పంట దేవునికే ఇచ్చెటోళ్లట. గంత దూరపోళ్ల ముచ్చట సదివితె గని నీ ఏడుపు సమజ్ కాలే. ముప్పై ఏండ్లు మీ నడుమనే ఉండి ఒక్కనాడు అడగలే."

"గా దినమే బాపు దేవర్లకు తప్పు ఒప్పుకున్నడు సార్. ఇంట్ల ఉన్నయే రెండు కోళ్లు. రెండూ కోసిండు."

"రెండెందుకు?"

"ఒకటి నా పేరు మీద, ఒకటి మీ పేరు మీద. 'సారుకు తెల్వక చేసిండు, ఆయనకేం కానియ్యకుండ్రి' అని మొక్కిండు."

సారు తలెత్తలేకపోయాడు. ఆ రోజు ఆ పిల్ల ఏడుస్తూ ఇంటికి వెళ్లిపోయాక, ఆ తండ్రిని బడికి పిలిపించి, పిల్లలందరి ముందూ 'జంగ్లీ' అని తిట్టాడు తను. ఆ మాట తండ్రి ఇంట్లో చెప్పాడో లేదో అడగడానికి సారుకు నోరు రాలేదు.